వంటలక్కకు పూసిన నలుపు



ఇన్నేళ్లుగా ఇక్కడ పద్యాలను గూర్చి, ఛందస్సును గూర్చి, మా ఊరి తిరునాళ్లను గూర్చి వ్రాస్తూ వచ్చాను. ఈసారి టీవీ సీరియల్‌ను గూర్చి వ్రాయబోతున్నాను. 'ధారావాహిక' అని వ్రాద్దామనే మొదట అనుకున్నాను. అలా వ్రాస్తే అది తను చూసే సీరియల్ సంగతేనని మా ఇంటావిడ గుర్తుపట్టదు. కనుక సీరియల్ అనే వ్రాస్తాను. పండిత మిత్రులు క్షమింతురు గాక.

2017 అక్టోబరు మొదలుకొని అయిదేళ్లకు పైగా మా ఇంట్లో రాత్రి ఏడున్నర అంటే 'కార్తీక దీపం' వేళ. ఆ అరగంటలో కాఫీ దొరకదు, ఫోను మోగినా ఎత్తేవారుండరు, చుట్టాలు వస్తే వాళ్లు కూడా కూర్చుని చూడవలసిందే. నేను పక్కగదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. కళ్లు తిప్పుకోవచ్చు గానీ చెవులు మూసుకోలేము గదా. మూడు నెలలు తిరిగేసరికి "మళ్లీ ఏం చేసిందా మౌనిత?" అని గదిలోనుంచే కేకవేసి అడిగే స్థితికి వచ్చాను. ఆరు నెలలకు నా కుర్చీ హాల్లోకి మారింది. ఇందులో దాచవలసినదేమీ లేదు.

చూడనివారి కోసం నాలుగు మాటలు. దీప నల్లని పిల్ల. ఆ రంగు మూలంగా సవతితల్లి చేత మాటలు పడుతూ పెరిగింది. కార్తీక్ అనే గుండె వైద్యుడు ఆమెను ఇష్టపడి పెళ్లిచేసుకుంటాడు. అతని తల్లి సౌందర్యకు మొదట్లో నల్లని కోడలంటే గిట్టదు. కార్తీక్‌ను కోరుకున్న మౌనిత అనే వైద్యురాలు అతనికి పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్మించి, గర్భవతి అయిన దీప శీలం మీద అనుమానం పుట్టిస్తుంది. దీప ఇల్లు విడిచి, వంటచేసి బతుకుతూ బిడ్డను పెంచుతుంది. అందుకే ఆమె 'వంటలక్క'. పుట్టినది కవలలు, ఒకతె తల్లి దగ్గర, ఒకతె తండ్రి ఇంట. మూలకథ మలయాళానిది. 2014లో ఏషియానెట్‌లో మొదలైన 'కరుత్తముత్తు', అనగా నల్లముత్యం. అదే కథ కన్నడం, తమిళం, మరాఠీ, హిందీ భాషలకూ వెళ్లింది. మలయాళంలో మొదట నాయికగా నటించిన ప్రేమి విశ్వనాథ్‌నే తెలుగుకు తెచ్చుకున్నారు. కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, మౌనితగా శోభాశెట్టి.

2022 మార్చిలో ఒక ప్రమాదంలో కార్తీక్, దీప ఇద్దరూ చనిపోయినట్లు చూపించి, కథను ఒక్క గంతులో కొన్నేళ్లు ముందుకు తీసుకుపోయారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నాలు తొమ్మిదిన్నరకు. విజయవాడ నుంచి మా మరదలు ఫోను. స్పీకరు పెట్టుకుని అక్కచెల్లెళ్లు మాట్లాడుకుంటున్నారు. పక్కింటి పెద్దావిడ కూడా వచ్చి కూర్చున్నది.

"చావు రాకూడదని నేననను. రాస్తే రాశారు. అయిదేళ్లు ఏడిపించి, ఆలుమగలు కాస్త తెరిపిన పడ్డారనుకునే వేళకా చంపడం? ఆ చావు కథలోంచి రాలేదు, బయటినుంచి తెచ్చి మీద పడేశారు" అన్నది మా ఆవిడ.

"పిల్లల సంగతి చూశావా అక్కా? నిన్నటిదాకా జడలు వేసుకుని బడికి వెళ్లారు. ఇవాళ ఒకతె డాక్టరు, ఒకతె ఆటో నడుపుతోంది. ఆ మధ్య వీళ్లను ఎవరు పెంచారు, ఏం తిన్నారు, ఎలా చదివారు, అడిగేవాళ్లు లేరా?" అన్నది మా మరదలు.

పెద్దావిడ మాత్రం తొణకలేదు. "సీరియల్‌లో పోయినవాళ్లు పోయినట్లు కాదమ్మా. రేటింగు పడిపోనీ, వాళ్లే లేచి వస్తారు. చూస్తూండు" అన్నది. ఆవిడ మాటే నిజమైంది. కొన్ని నెలలకే ఇద్దరూ బతికి వచ్చారు.

నేను ముప్ఫయి అయిదేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి. భాషాప్రవీణ పరీక్షకు చదివినప్పుడు ఆనందవర్ధనుణ్ణి, క్షేమేంద్రుణ్ణి కంఠస్థం చేసినవాణ్ణి. అనౌచిత్యాన్ని మించిన రసభంగ కారణం వేరే లేదని ఆనందవర్ధనుడు తేల్చాడు. క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ' అని ఆ ఒక్కదాని మీదనే గ్రంథం వ్రాశాడు. ఆ రాత్రి ఆ ముగ్గురు ఆడవాళ్లూ మాట్లాడినది అదే శాస్త్రం. ఒకరు కథౌచిత్యం అడిగారు, ఒకరు కాలౌచిత్యం అడిగారు. మూడో ఆవిడ కవి నిజాయితీనే శంకించింది. వారిలో ఇద్దరు పదో తరగతి దాటలేదు. సీరియళ్లు చూసే ఆడవాళ్లకు విమర్శనాశక్తి ఉండదని స్టాఫ్‌రూములో నేను ఎన్నిమార్లు వెటకారం చేశానో తలచుకుంటే సిగ్గు వేస్తుంది.

సాగదీత సంగతీ అంతే. ఆ సీరియల్ 1500 పైచిలుకు భాగాలు నడిచింది. గుండెకు ఆపరేషన్లు చేసే వైద్యుడు, తన పిల్లలు తన పిల్లలేనా అన్న సందేహాన్ని ఒక్క పరీక్షతో తీర్చుకోక ఏళ్లతరబడి మోశాడు. ఇంటింటా ఈ ప్రశ్నే. మా బజారులో కూరగాయలమ్మే ఆవిడకు తట్టినది రచయితకు తట్టకుండా ఉంటుందా? తట్టే ఉంటుంది. తట్టితే కథ అయిపోతుంది. గురువారం గురువారం రేటింగు అంకెలు వస్తాయి. అవి బాగున్నంతకాలం అనుమానం తీరడానికి వీల్లేదు. పూర్వకాలపు కవికి కృతిభర్త ఒక్కడే. వీరి కృతిభర్త ఒక అంకె. దానికి దయ ఉండదు, చివరకు విసుగైనా ఉండదు. దీన్ని గూర్చి ఇంతకంటె చెప్పడం వృథా.

పాత్రధారులను మార్చడం మీద మాత్రం కాస్త నిలిచి మాట్లాడాలనిపిస్తున్నది. ప్రేక్షకులకు అన్నిటికంటె ఎక్కువ కోపం తెప్పించేది అదే. ఒకరోజు మామూలుగా టీవీ పెడతారు. నిన్నటి కొడుకు స్థానంలో ఇవాళ వేరొక మనిషి నిలబడి "అమ్మా" అంటాడు. తల్లి ఏమీ జరగనట్లు "ఏం నాన్నా" అంటుంది. చూసే మనకే ఒళ్లు జలదరిస్తుంది. మలయాళ మూలంలో ప్రేమి విశ్వనాథ్ మధ్యలో తప్పుకొంటే రేణు సౌందర్ వచ్చింది. తమిళంలో ఇదే కథ 'భారతి కణ్ణమ్మ'గా వచ్చినప్పుడు 2021లో రోషిణి హరిప్రియన్ వెళ్లిపోయి వినూషాదేవి వచ్చింది. హిందీలో 2000 నుంచి 2008 దాకా నడిచిన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో మిహిర్ అనే ఒక్క పాత్రను వరుసగా అమర్ ఉపాధ్యాయ్, ఇందర్ కుమార్, రోణిత్ రాయ్ ముగ్గురు ధరించారు.

ఇందులో నాకొక చిక్కుప్రశ్న ఎదురయింది. మన తెలుగువాళ్లం పాత్రధారి మారితే ఓర్చుకోలేనివాళ్లమా? కానే కాదు. కురుక్షేత్ర నాటకం తెల్లవార్లూ చూసినవాళ్లం మనం. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఒక కృష్ణుడు. ఒక కృష్ణుడు సన్నగా, ఒక కృష్ణుడు బొజ్జతో. పందిట్లో ఒక్కడూ "ఇందాకటి కృష్ణుడేడి?" అని అడగలేదు సరిగదా, ఎవరి పద్యం ఎలా ఉన్నదో పోల్చుకుని మురిసిపోయారు. స్థానం నరసింహారావుగారు పురుషుడై ఉండి సత్యభామగా రంగం మీదికి వస్తే ఆంధ్రదేశం నీరాజనాలు పట్టింది. ఇక సాహిత్యంలోకి వెళితే, నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో వదిలివెళ్లిన భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. తన పేరు పెట్టుకోకుండా నన్నయ రాసినట్లే రాజరాజనరేంద్రుని పేర కృతి నడిపాడు. నన్నయ శైలిలో మొదలుపెట్టి తిక్కన శైలి వైపు మెల్లగా మళ్లించాడంటారు పెద్దలు. పాత్రధారిని మార్చడమంటే అది. అతుకు కనబడదు.

మరి మూడు కృష్ణుల్ని ఒక్క రాత్రిలో ఒప్పుకున్న జాతి, ఒక కార్తీక్ మారితే ఎందుకు ఒప్పుకోదు?

చాలాకాలం ఆలోచించగా నాకు తోచినది ఇది. కృష్ణుడు నటునికంటె ముందే ఉన్నాడు. ప్రేక్షకుడు పందిట్లోకి వచ్చేటప్పుడే తన కృష్ణుణ్ణి గుండెలో పెట్టుకుని వస్తాడు. నటుడు వచ్చి ఆ కృష్ణుణ్ణి పలికిస్తాడు. సీరియల్ పాత్రకు అలాంటి పూర్వజన్మ లేదు. దీపకు ఆ ముఖం తప్ప వేరే పురాణం లేదు, ఇతిహాసం లేదు, గుడిలేదు. వారానికి ఆరు రోజులు, అన్నం వేళకు ఇంట్లోకి వచ్చే ముఖం అది. ముఖం పోతే పాత్ర పోయినట్లే. 'మొగలిరేకులు' 2013లో ముగిసిపోయినా, అందులో నటించిన సాగర్‌ను జనం ఇంకా ఆర్.కె. నాయుడనే పిలుస్తున్నారంటే కారణమదే. నాటకాల్లో పాత్ర పేరు చెప్పి "ఫలానావారి కృష్ణుడు" అనేవారు. సీరియల్‌కు వచ్చేసరికి నటుని పేరే మరుగునపడింది. కాబట్టి పాత్రధారిని మార్చవద్దని ప్రేక్షకుడు గోల పెడితే అది మొండితనం కాదు. ఆ పాత్ర ఎక్కడ నివసిస్తున్నదో నిర్మాతకంటె అతనికే బాగా తెలుసు.

అయితే ప్రేక్షకుడు అడిగినదల్లా ఇవ్వాలా? ఇక్కడ మా ఆవిడకూ నాకూ పడదు. 2001లో మిహిర్‌ను చంపితే దేశమంతా గగ్గోలు పెట్టింది, బతికించారు. 2022లో వంటలక్కనూ డాక్టరు బాబునూ బతికించారు. మా ఆవిడ సంతోషించింది. నాకు మాత్రం పాతనాటకాల వన్స్‌మోర్ గుర్తొచ్చింది. రంగం మీద చచ్చి పడినవాడు కేకలు విని లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. గొప్పగా ఉండేది, నేను కూడా అరిచినవాణ్ణే. కానీ రెండోసారి చచ్చినప్పుడు ఎవరికీ కన్నీళ్లు రావు. కార్తీక్, దీప తిరిగివచ్చిన తర్వాత ఆ సీరియల్‌లో ఏ ప్రమాదం జరిగినా మా ఇంట్లో ఎవరూ బెదరలేదు. 2023 జనవరిలో కథ ముగిసిననాడు మా ఆవిడ టీవీ కట్టేసి "పప్పు తాలింపు వెయ్యాలి" అంటూ లోపలికి వెళ్లింది. 2022 మార్చిలో తొమ్మిదిన్నర దాకా అన్నం ముట్టని మనిషి ఆవిడే.

వినతగిన గోల కూడా ఉంటుంది. 1988లో దూరదర్శన్ 'రామాయణ్' పట్టాభిషేకంతో ముగుస్తున్నదని తెలిసి, ఉత్తరకాండ కూడా చూపించాలని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. వాల్మీకిని తమవాడుగా, గురువుగా కొలిచే జనం వారు. కథలో ఆ మహర్షి తానే పాత్రగా వచ్చి సీతకు ఆశ్రయమిచ్చేది ఉత్తరకాండలోనే. దాన్ని వదిలేస్తే తమను వదిలేసినట్లు వారికి తోచింది. తర్వాత ఆ భాగాన్ని 'లవ్ కుశ్' పేరిట తీశారు. వారు ఎవరినీ బతికించమని అడగలేదు, చంపమని అడగలేదు. కథలో ఉన్నదాన్ని మా కంటపడనివ్వకుండా దాచవద్దని అడిగారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా, మనం వంటలక్క విషయంలో అడగనిది ఒకటి నాకు గుర్తుకొస్తుంది.

ప్రేమి విశ్వనాథ్ నల్లని మనిషి కాదు. ఆమెకు నలుపు పూశారు. ముఖానికి, చేతులకు, మెడకు రోజూ రంగు పూసి, నల్లని పిల్ల పడే అవమానాల కథను అయిదేళ్లు చూపించారు. కథ ఏమిటి? నల్లగా ఉన్నంత మాత్రాన మనిషిని తక్కువ చేయరాదని. ఆ కథ చెప్పడానికి నల్లని నటి ఒక్కతె దొరకలేదు. నల్లని కోడలు పనికిరాదన్నది కథలో సౌందర్య ఒక్కతే. సీరియల్ తీసినవారు మలయాళంలో, తెలుగులో అదే మాటను నోటితో అనకుండా చేసి చూపించారు. చావును గూర్చి, సాగదీతను గూర్చి, పాత్రధారుల మార్పును గూర్చి ఇంత చర్చించిన మా ఇంటి ముగ్గురు విమర్శకురాళ్లు ఈ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పైపెచ్చు బయట ఏదో వేడుకలో ఆమెను అసలు రంగులో చూసినప్పుడు "అరె, ఎంత తెల్లగా ఉందో!" అని మెచ్చుకున్నాం. 'మెచ్చుకున్నాం' అని ఊరికే వ్రాయలేదు. అది మెచ్చుకోలే.

పూర్వపక్షం ఉంది, దాన్ని దాచను. రంగు పూయడం నాట్యానికి కొత్త కాదు. భరతుడే ఆహార్యాభినయంలో ఒంటికి రంగులు వేసుకొనే విధానం చెప్పాడు. పాత్రలను పంచడంలో కూడా ఆయన ఉదారుడు. వయస్సు, రూపం సరిపోయేవారు ధరించడం అనురూపం. బాలుడు వృద్ధునిగా, వృద్ధుడు బాలునిగా వస్తే విరూపం. పురుషుడు స్త్రీగా వస్తే రూపానుసారిణి. మూడింటికీ చోటిచ్చాడు. స్థానంవారి సత్యభామను నెత్తిన పెట్టుకుని, ప్రేమి విశ్వనాథ్ దీపను తప్పుపట్టడమెందుకు? 1963లో 'లవకుశ' రంగుల్లో వచ్చినప్పుడు నందమూరి తారకరామారావుగారికి నీలం పూస్తే చేతులెత్తి మొక్కలేదా?

మొక్కాము. ఆ నీలం దేవుడి గుర్తు. దాన్ని చూసి ఎవరూ రాముణ్ణి తక్కువ చేయలేదు, ఆ నీలం ఒంటితో పుట్టి అవమానాలు పడిన రామారావులు మన వీధుల్లో లేరు. దీప నలుపు అలాంటిది కాదు. కథలో ఆమెకు జరిగిన ప్రతి అన్యాయానికీ మొదలు ఆ నలుపే. ఆ నలుపుతో నిజంగా పుట్టి, పెళ్లిచూపుల్లో తిరస్కారాలు పడి, నటిద్దామని వెళితే గుమ్మంలోనే వద్దనిపించుకున్న ఆడపిల్లలు ఉన్నారు. వారి కష్టం కథకు కావలసివచ్చింది, వారు కాకూడదు. ఈ మాట ఆ నటిని తక్కువ చేయడానికి అనడం లేదు. ఆమె కళ్లతో చేసిన అభినయం సామాన్యమైనది కాదు. తప్పు ఎంచినవారిది, ఎంచితే చూసి ఊరుకున్నవారిది.

పైగా మన సీరియళ్లలో ఇంకొక వింత ఉన్నది. నాయికలు తరచుగా కన్నడ దేశం నుంచో కేరళ నుంచో వస్తారు. వారికి తెలుగు గొంతు వేరొకరు అరువిస్తారు. అభినయం నాలుగు విధాలన్నాడు భరతుడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఇక్కడ ఆంగికం ఒకరిది, వాచికం కనబడని మరొకరిది, ఆహార్యంగా వేసిన నలుపు అసలు తెరమీదకే రానివ్వని మూడోవారిది.

ఇంత తీర్పరితనం నాకు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. దీన్ని గూర్చే ఈ టపా మొదలుపెట్టాను. ఇంతదూరం వేరే మాటలు చెప్పుకుంటూ వచ్చాను.

1988. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. వార్షికోత్సవానికి తిక్కనగారి ఉద్యోగపర్వం నుంచి ద్రౌపది కృష్ణునితో మొరపెట్టుకునే ఘట్టం వేయిద్దామని తలపెట్టాను. కృష్ణుడు సంధికి వెళ్లబోతుంటే, తన జుట్టు చేతపట్టుకుని ఆమె అడిగే ఘట్టం. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యం ఎత్తుకుంటే తరగతి గదులు రెండూ నిశ్శబ్దమయ్యేవి. యతి దగ్గర ఊపిరి ఎక్కడ ఆపాలో నేను నేర్పకుండానే ఆమెకు తెలుసు. ఆ పిల్ల కారునలుపు. ఇంకొక అమ్మాయి ఉండేది, పసిమి ఛాయ, పెద్ద కళ్లు. పద్యం చదివితే గురువులు లఘువులయ్యేవి.

నేను ద్రౌపది వేషం రెండో అమ్మాయికి ఇచ్చాను. మొదటి అమ్మాయిని తెర వెనుక మైకు దగ్గర నిలబెట్టి పద్యాలు పాడించాను. తెరముందు పిల్ల పెదవులు కదిపింది. ఎవరూ నన్ను అలా చేయమని చెప్పలేదు. ఆలోచన నాదే, అప్పట్లో గొప్ప ఉపాయమనే అనుకున్నాను.

అభ్యాసం జరుగుతున్న రోజుల్లో ఒకనాడు సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి నిలబడింది. "మాస్టారూ, ద్రౌపది పేరు కృష్ణ అని చెప్పారు కదండీ, నల్లగా ఉంటుంది కాబట్టి" అన్నది. అవును, చెప్పాను. నెల క్రితమే పాఠంలో చెప్పాను. భారతం రచించినవాడు కృష్ణద్వైపాయనుడు, నడిపినవాడు కృష్ణుడు, దానికి మూలమైనది కృష్ణ, ముగ్గురూ నల్లనివారే అని చమత్కారంగా చెప్పి, పిల్లలు చప్పట్లు కొడితే సంతోషించాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాట అని ఆగింది. ఇప్పుడు ఆలోచిస్తే అది ప్రశ్న కూడా కాదు. పాఠం అప్పజెప్పినట్లు అన్నది.

"రాత్రిపూట వేదిక మీద లైట్లకు ముఖం కనబడదమ్మా" అన్నాను నేను.

"సరేనండీ" అని వెళ్లిపోయింది.

వార్షికోత్సవంనాడు నాటకం బాగా పండింది. అతిథిగా వచ్చిన పెద్దమనిషి ద్రౌపది వేసిన పిల్లను వేదిక మీదికి పిలిచి స్టీలు గిన్నె బహూకరించాడు. "ఈ వయసులో ఎంత గొంతు!" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. గొంతు వేరొకరిదని చెప్పవచ్చు, చెప్పలేదు. తెర వెనుక పిల్ల అప్పటికి మైకు తీగ చుట్టి పెడుతున్నది. ఒక్క పద్యంలోనూ తప్పు పోలేదు. మరుసటి ఏడు ఆ పిల్ల పద్యాల పోటీకి పేరివ్వలేదు. నేనూ అడగలేదు.

ఈ సంగతి ముప్ఫయి ఏళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు. మరచిపోయాననే అనుకున్నాను. ఒకరోజు సీరియల్‌లో సౌందర్య తన కోడలి రంగును గూర్చి ఏదో అంటున్నది, మా ఆవిడ కళ్లొత్తుకుంటున్నది. నాకు ఆ వంటలక్క చెవి వెనుక, జుట్టు మొదలు దగ్గర, పూసిన నలుపు అంతమై అసలు చర్మం కనబడినట్లు అనిపించింది. నిజంగా కనబడిందో, నా భ్రమో చెప్పలేను. లైట్లకు ముఖం కనబడదమ్మా అన్న నా మాట నా చెవులకే వినిపించింది.

ఆ రాత్రి మా ఆవిడకు అంతా చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "మీరు చేసినది తప్పేనండీ. కానీ దీపకు రంగు పూశారని నేను చూడటం మానలేను. మా పిన్ని ఆ రంగు మూలంగానే పెళ్లి కాకుండా మా ఇంట్లో ఉండిపోయింది. టీవీలో ఆవిడ కథ వచ్చింది ఇదొక్కటే. ఎవరు వేసినా, ఏం పూసుకుని వేసినా, వచ్చింది కదా" అన్నది.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆ పిన్నిగారిని నేను ఎరుగుదును. మా పెళ్లిలో వంట అంతా ఆవిడ చేతిమీదుగానే జరిగింది. ఫోటోల్లో ఎక్కడా లేదు.

2024 మార్చి 25న 'కార్తీక దీపం' రెండో భాగం మొదలయింది. అదే నాయికానాయకులు, అవే పేర్లు, కథ వేరు. మొదటిరోజు మా ఆవిడ నా కుర్చీ కూడా సర్దిపెట్టి పిలిచింది. వెళ్లి కూర్చున్నాను. మా మరదలు ఫోనులో "అక్కా, ఈసారి ఎన్నాళ్లకు చంపుతారంటావు?" అని అడుగుతున్నది.